లేత్‌కి డ్రైవ్ పెట్టినా బెల్టులు, గేర్లు తీసేయకండి

(విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్లకి, ఐటీఐ విద్యార్థులకి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి సొంత ఊళ్లో ఒక రేకుల షెడ్డు, అందులో బటాలా నుంచో రాజ్‌కోట్ నుంచో వచ్చిన ఒక పాత లేత్, అంటే లోహపు ముక్కని తిప్పుతూ టూల్‌తో చెక్కే మిషన్, ఉంటుంది. మిషన్ బాగానే ఉంటుంది. బెడ్డు పెద్దగా అరగలేదు, స్పిండిల్‌లో, అంటే ముక్కని తిప్పే ఇరుసులో, ఆట లేదు. ఇబ్బందల్లా కరెంటుతోనే. మిషన్ మీద ఉన్నది త్రీఫేజ్ మోటరు, షెడ్డుకి వచ్చేది సింగిల్ ఫేజ్. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు, "డ్రైవ్ పెట్టించు, సింగిల్ ఫేజ్‌తో నడుస్తుంది, స్పీడు కూడా నీ ఇష్టం, ఇక బెల్టులు మార్చే పనే ఉండదు" అని. డ్రైవ్ అంటే సింగిల్ ఫేజ్ కరెంటుని త్రీఫేజ్‌గా మార్చి, మోటరు స్పీడుని కూడా మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె, వీఎఫ్‌డీ అంటారు. ఇందులో మొదటి రెండు మాటలు నిజం. మూడోది నమ్మి చాలామంది నష్టపోతున్నారు. అందుకే ఈ రోజు ఎక్కువ సేపు దాని గురించే చెబుతాను.

పొలాల్లో బోరు మోటర్లకి కెపాసిటర్ పెట్టి నడిపే పద్ధతి మనకి పాతదే. అదే పద్ధతిలో లేత్‌ని నడిపినవాళ్లూ ఉన్నారు. తిరుగుతుంది, కాదనను. కానీ మూడు వైండింగుల్లోనూ కరెంటు సమానంగా పారదు, మోటరు వేడెక్కుతుంది. పైగా ఆ కెపాసిటర్ విలువ ఒక లోడుకి మాత్రమే సరిపోతుంది. పంపుకి లోడు రోజంతా ఇంచుమించు ఒకటే. లేత్‌కి ఒక్క జాబ్‌లోనే ఎన్నోసార్లు మారుతుంది. అందుకని లేత్‌కి డ్రైవే సరైనది.

డ్రైవ్ లోపల ఏం జరుగుతుందో క్లుప్తంగా చెబుతాను. వచ్చిన 230 వోల్టుల ఏసీని ముందు డీసీ చేస్తుంది. ఆ డీసీ సుమారు 325 వోల్టులు ఉంటుంది, పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. దాన్ని ఐజీబీటీలనే స్విచ్చులు సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ మూడు ఫేజులుగా మోటరుకి పంపిస్తాయి. స్పీడు మార్చే డ్రైవ్‌ని 1968లో డెన్మార్క్‌లోని డాన్‌ఫాస్ కంపెనీ పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి డ్రైవ్‌లు మోయలేనంత బరువుండేవి. ఇప్పుడు 2 హెచ్‌పీ డ్రైవ్ ఒక చేత్తో పట్టుకోవచ్చు.

మోటరు స్పీడు తగ్గించడానికి డ్రైవ్ హెర్ట్జ్‌ని, అంటే ఏసీ సెకనుకి చేసే ఆవృత్తుల్ని, తగ్గిస్తుంది, దాంతో పాటు వోల్టులు కూడా తగ్గిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర 230 వోల్టులు ఇస్తే, 25 దగ్గర 115 ఇస్తుంది. అలా రెండూ కలిసి తగ్గుతాయి కాబట్టే మోటరు తిప్పే బలం, అంటే టార్క్, తగ్గకుండా నిలబడుతుంది. "చూశారా, స్పీడు తగ్గినా టార్క్ తగ్గదు" అని అమ్మేవాళ్లు చెప్పేది ఇదే. అది అబద్ధం కాదు. కానీ లేత్‌కి కావలసింది టార్క్ తగ్గకపోవడం కాదు, స్పీడు తగ్గినప్పుడు టార్క్ పెరగడం. తేడా ఏమిటో లెక్క వేసి చూద్దాం. ఐటీఐ పిల్లలు కాగితం తీసుకోండి.

2 హెచ్‌పీ మోటరు, అంటే 1.5 కిలోవాట్లు, 1440 ఆర్‌పీఎమ్. దీని టార్క్ సుమారు 10 న్యూటన్ మీటర్లు. స్టెప్ పుల్లీ (మెట్లు మెట్లుగా సైజు మారే పుల్లీ) మీద బెల్టు ఒక స్టెప్పులో వేస్తే స్పిండిల్ 480 తిరుగుతుందనుకుందాం. మూడో వంతు స్పీడు కాబట్టి స్పిండిల్ దగ్గర టార్క్ 30 అవుతుంది. ఇప్పుడు 160 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ జాబ్ (చెక్కాల్సిన ముక్క) చక్‌లో, అంటే స్పిండిల్ ముక్కున జాబ్‌ని పట్టే దవడల్లో, కట్టారు. హెచ్ఎస్ఎస్ టూల్‌కి నిమిషానికి 30 మీటర్ల కటింగ్ స్పీడు అనుకుంటే, ఆ జాబ్ 60 ఆర్‌పీఎమ్‌లో తిరగాలి.

ఆ 60 రెండు రకాలుగా వస్తుంది. బెల్టు ముట్టుకోకుండా డ్రైవ్‌ని 6 హెర్ట్జ్ చుట్టుపక్కలకి దించడం ఒకటి. అప్పుడు స్పిండిల్ టార్క్ ఇంకా 30 దగ్గరే ఉంటుంది. జాబ్ రేడియస్ 80 మిల్లీమీటర్లు, కాబట్టి టూల్ కొన దగ్గర దొరికే బలం 375 న్యూటన్లు, అంటే 38 కిలోల బరువంత. మైల్డ్ స్టీల్‌లో 1 మిల్లీమీటరు డెప్త్, చుట్టుకి 0.2 మిల్లీమీటరు ఫీడ్ (టూల్ జరిగే దూరం) ఇస్తేనే 400 న్యూటన్లు దాటిపోతుంది. అంటే 2 హెచ్‌పీ మోటరున్న లేత్ 1 మిల్లీమీటరు కట్‌కి ఆగిపోతుంది! లేదా డ్రైవ్ ఓవర్‌లోడ్ అని ట్రిప్ అవుతుంది. రెండో దారి, డ్రైవ్ 50 హెర్ట్జ్‌లోనే ఉంచి బ్యాక్ గేర్, అంటే హెడ్‌స్టాక్‌లో స్పిండిల్ స్పీడు తగ్గించి బలం పెంచే గేర్లు, వేయడం. బ్యాక్ గేర్ ఎనిమిదికి ఒకటి అనుకుంటే అదే 60 ఆర్‌పీఎమ్ వస్తుంది, టార్క్ మాత్రం 240. టూల్ దగ్గర 3000 న్యూటన్లు. బెల్టు, గేర్ల దగ్గర పోయేది కొంత తీసేసినా 3 మిల్లీమీటర్ల కట్ హాయిగా తీసుకుంటుంది.

స్పీడు అదే, జాబ్ అదే, మోటరు అదే. బలంలో తేడా ఎనిమిది రెట్లు. మొదటి పద్ధతిలో మోటరు తన పవర్‌లో ఎనిమిదో వంతు మాత్రమే ఇస్తోంది. గేరు వేసినప్పుడు పూర్తి 2 హెచ్‌పీ జాబ్ దాకా వస్తోంది. డ్రైవ్ పెట్టించాక "మిషన్‌లో జోరు పోయింది" అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. కొందరైతే స్టెప్ పుల్లీ పీకేసి, ఒకే పుల్లీ, ఒకే బెల్టు పెట్టించుకుని వస్తారు. బ్యాక్ గేర్ పళ్లు విరిగి ఉంటే "డ్రైవ్ ఉందిగా" అని బాగుచేయించరు. దయచేసి ఆ పని చేయకండి. పళ్లు విరిగితే ముందు ఆ గేరు చేయించుకోండి. డ్రైవ్ తర్వాత కొనుక్కోవచ్చు.

మరి డ్రైవ్ ఎక్కడ పనికొస్తుంది? రెండు స్టెప్పుల మధ్య ఖాళీని నింపడానికి. 25 మిల్లీమీటర్ల రాడ్డుకి అదే 30 మీటర్ల లెక్కన 382 ఆర్‌పీఎమ్ కావాలి. 480 స్టెప్పులో బెల్టు ఉంచి 40 హెర్ట్జ్ పెడితే 384 వస్తుంది. పార్టింగ్ (జాబ్‌ని కోసి విడదీయడం) చేస్తుంటే టూల్ కిర్రుమని అదురుతుందనుకోండి, నాబ్ కొంచెం తిప్పి స్పీడు మారిస్తే చాలాసార్లు ఆ అదురు పోతుంది. ఫేసింగ్‌లో (జాబ్ కొసని చదును చేయడంలో) టూల్ సెంటర్ వైపు వెళ్తున్నకొద్దీ కటింగ్ స్పీడు పడిపోతుంది కదా, అప్పుడు నాబ్ మెల్లగా పెంచుతూ పోతే ఫినిషింగ్ అంచు నుంచి మధ్య దాకా ఒకేలా వస్తుంది. ఒక్కసారి ఆ ఫేస్ మీద వేలు పెట్టి చూసిన టర్నర్ మళ్లీ పాత పద్ధతికి వెళ్లడు. నా మాట ఒకటి గుర్తుంచుకోండి: డ్రైవ్‌ని 25 నుంచి 65 హెర్ట్జ్ మధ్య వాడండి, అంతకన్నా పెద్ద మార్పులన్నీ బెల్టుతో, గేర్లతో చేయండి. 50 దాటాక డ్రైవ్ దగ్గర ఇవ్వడానికి ఇంక వోల్టులు ఉండవు, కాబట్టి టార్క్ తగ్గుతుంది. 75 హెర్ట్జ్‌లో మూడింట రెండొంతులే మిగులుతుంది. చక్ మీద రాసిన గరిష్ఠ స్పీడు కూడా ఒకసారి చూసుకోండి. పాత బీడు చక్‌లు ఎక్కువ స్పీడుకి చేసినవి కావు.

ఇప్పుడు మోటరు దగ్గరికి వద్దాం. ఇదిగో ఈ బల్ల మీద ఉన్నది 2 హెచ్‌పీ మోటరు. నేమ్‌ప్లేటు మీద 415 వోల్టులు, 3.5 ఆంపియర్లు, స్టార్ (మూడు వైండింగుల ఒక్కో కొసని ఒకచోట కలిపిన కనెక్షన్) గుర్తు ఉన్నాయి. మన దేశంలో 3 హెచ్‌పీ దాకా మోటర్లు మామూలుగా ఇలా స్టార్‌లోనే వస్తాయి. ఇలాంటి మోటర్లలో ఒక్కో వైండింగు మీద పడేది 240 వోల్టులే. సింగిల్ ఫేజ్ డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టుల త్రీఫేజ్. కనుక కనెక్షన్ డెల్టాకి, అంటే వైండింగుల్ని త్రికోణంలా ఒకదాని కొసకి ఇంకోదాన్ని కలిపే పద్ధతికి, మారిస్తే ఒక్కో వైండింగుకి దానికి కావలసిన వోల్టేజే అందుతుంది. మార్చకుండా స్టార్‌లోనే వదిలేస్తే మోటరు తిరుగుతుంది, ఖాళీగా ఉంటే బాగానే కనిపిస్తుంది, కట్ ఇవ్వగానే చతికిలబడుతుంది. టార్క్ మూడో వంతుకి పడిపోతుంది మరి.

టెర్మినల్ బాక్సులో ఆరు బోల్టులుంటే పని తేలిక. స్టార్‌లో ఒక వరుసలోని మూడు బోల్టుల్నీ పత్తీలు (చిన్న లోహపు పట్టీలు) అడ్డంగా కలుపుతాయి. ఆ పత్తీలు తీసి, పై బోల్టుకీ కింది బోల్టుకీ నిలువుగా మూడుచోట్ల వేస్తే డెల్టా. మూడు వైర్లే బయటికి వచ్చి ఉంటే మాత్రం స్టార్ పాయింటు లోపలే, వైండింగు చివర్లలో కట్టేసి ఉంటుంది. దాన్ని మంచి వైండింగ్ షాపులోనే తీయించండి. వార్నిష్ గట్టిపడి ఉంటుంది, వేడిచేసి మెత్తబరిచి, దారం కట్లు కోసి, ఆ మూడు తీగల ముడిని విడదీసి, ఒక్కోదానికి కొత్త వైరు అతికి, స్లీవ్ తొడిగి బయటికి తేవాలి. తొందరపడి లాగితే పక్క తీగ ఇనామిల్ పోతుంది. చేయించాక మోటరు మీద పెయింటుతో "డెల్టా, 230 వోల్టులు మాత్రమే" అని పెద్దగా రాయించండి. రేపు ఆ మోటరు ఎవరైనా కొని 415 లైనుకి తగిలిస్తే నిమిషాల్లో కాలిపోతుంది.

డెల్టాకి మార్చాక ఆంపియర్లు కూడా మారతాయి. 3.5ని 1.73తో గుణించండి, సుమారు 6 అవుతుంది. డ్రైవ్ సెట్టింగుల్లో 230 వోల్టులు, 6 ఆంపియర్లు, 50 హెర్ట్జ్, 1440 అని ఇవ్వాలి. చాలామంది నేమ్‌ప్లేటు చూసి 3.5 అని ఇచ్చేస్తారు, తర్వాత ఊరికే ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతోందని డ్రైవ్‌ని తిడతారు. వెక్టర్ మోడ్, ఆటో ట్యూన్ (డ్రైవ్ తనే మోటరుని కొలుచుకుని సరిచేసుకోవడం) ఉన్న డ్రైవ్ అయితే ఆ ట్యూనింగ్ తప్పకుండా చేయించండి, తక్కువ హెర్ట్జ్‌లో మోటరు నిలకడగా తిరుగుతుంది.

లైను వైపు కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది. సింగిల్ ఫేజ్ మీద 1.5 కిలోవాట్ల డ్రైవ్ 15 ఆంపియర్ల దాకా, 2.2 కిలోవాట్లది 24 దాకా తీసుకుంటుంది. ఇంట్లో గీజరు ప్లగ్గుకి తగిలించే వస్తువు కాదు ఇది. మీటరు దగ్గర్నుంచి వేరే లైను, వేరే ఎంసీబీ, గట్టి ఎర్త్ ఉండాలి. ఎర్త్ వైరు మోటరు బాడీ నుంచి డ్రైవ్‌కి, అక్కణ్ణుంచి ఎర్త్ పిట్‌కి వెళ్లాలి. డ్రైవ్ వల్ల కొంత లీకేజీ కరెంటు సహజంగానే ఉంటుంది, ఎర్త్ తెగితే లేత్ బాడీ షాకు కొడుతుంది. లీకేజీ ఉంటే లైను ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోతోందని దాన్ని తీసేసి నడిపేవాళ్లుంటే ఈ రోజే ఆపేయండి. మీ డ్రైవ్ మాన్యువల్లో ఏ రకం ఆర్‌సీసీబీ వాడమన్నారో అది తెచ్చి వేయించండి.

పాత స్టార్టరు, ఫార్వర్డ్-రివర్స్ డ్రమ్ స్విచ్చు ఉంటాయి కదా. వాటిని డ్రైవ్‌కీ మోటరుకీ మధ్య ఉంచకూడదు. లోడు మీద ఆ స్విచ్చు తిప్పితే డ్రైవ్‌లోని ఐజీబీటీలు పోతాయి. డ్రైవ్ నుంచి మోటరుకి వైర్లు నేరుగా వెళ్లాలి. డ్రమ్ స్విచ్చు పారేయక్కర్లేదు, దాని కాంటాక్టులని డ్రైవ్ కంట్రోల్ టెర్మినల్స్‌కి కలపండి. అక్కడ ఉండేది తక్కువ వోల్టేజే. చేతికి అలవాటైన లివరు అదే చోట ఉంటుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. లివరు ఫార్వర్డ్‌లో ఉండగా కరెంటు పోయిందనుకోండి. మీరు చక్ దగ్గర చెయ్యి పెట్టి జాబ్ కొలుస్తున్నారు, లేదా చక్ కీ అందులోనే ఉంది. కరెంటు వచ్చింది. పాత స్టార్టరు అయితే కాయిల్ పడిపోయి ఉంటుంది కాబట్టి మిషన్ తనంతట తను లేవదు. డ్రైవ్ సెట్టింగు సరిగ్గా లేకపోతే లేస్తుంది. మన ఊళ్లలో కరెంటు పోవడం, రావడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకని కరెంటు వచ్చాక దానంతట అదే స్టార్ట్ కాకుండా చేసే సెట్టింగు ప్రతి డ్రైవ్‌లోనూ వెతికి పెట్టండి. అంతకన్నా మంచిది, పుష్ బటన్లతో త్రీ వైర్ కంట్రోల్ చేయించండి, కరెంటు వచ్చాక ఎవరైనా పచ్చ బటన్ మళ్లీ నొక్కితేనే లేస్తుంది. పెట్టాక లైను ఆపి, మళ్లీ వేసి, చక్‌లో ఏమీ లేకుండా మీ కళ్లతో చూసుకోండి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ చెయ్యి చాచితే అందేచోట ఉండాలి, డ్రైవ్ డబ్బా తలుపు మీద కాదు.

ఆపడం గురించి ఇంకొంచెం చెప్పాలి. డ్రైవ్‌లో ఎన్ని సెకన్లలో లేవాలి, ఎన్ని సెకన్లలో ఆగాలి అని పెట్టుకోవచ్చు. అందరూ ఆగే టైము వీలైనంత తక్కువ పెట్టాలని చూస్తారు. మన దగ్గరున్న పాత లేత్‌లలో చాలావాటికి చక్ స్పిండిల్ ముక్కు మీద మరలతో బిగుస్తుంది. కట్ తీసేటప్పుడు అది బిగుసుకునే వైపే ఉంటుంది. తిరుగుతున్న స్పిండిల్ ఠక్కున ఆగితే బరువైన చక్ ఆగదు. తన ఊపులో తిరుగుతూ మర విప్పుకుంటుంది. 200 మిల్లీమీటర్ల చక్ ఊడి బెడ్డు మీద పడితే ఎలా ఉంటుందో ఊహించండి, ఆ సమయంలో మనిషి నిలబడేది సరిగ్గా దాని ముందే. కాబట్టి మర చక్ ఉన్నవాళ్లు ఆగే టైము 4, 5 సెకన్ల కన్నా తగ్గించవద్దు. బ్రేకింగ్ రెసిస్టర్ (ఆగేటప్పుడు మోటరు వెనక్కి పంపే కరెంటుని వేడిగా మార్చేది) పెట్టించుకుని ఒక సెకనులో ఆపాలని అసలు చూడొద్దు. నడుస్తుండగా రివర్స్ వేసినా డ్రైవ్ ముందు పూర్తిగా ఆగి, తర్వాతే అటు తిరిగేలా ఉండాలి. క్యామ్ లాక్ ముక్కు (మరతో కాకుండా క్యామ్‌లతో చక్‌ని పట్టేది) ఉన్న మిషన్‌కి ఈ భయం లేదు. అక్కడ బరువైన చక్‌ని త్వరగా ఆపితే డీసీ వోల్టేజ్ పెరిగి డ్రైవ్ ట్రిప్ అవుతుంది, రెసిస్టర్ అవసరం అక్కడ వస్తుంది.

ఆగే టైము త్రెడ్ కోసేవాళ్లకీ ముఖ్యమే. క్యామ్ లాక్ మిషన్ మీద 120 ఆర్‌పీఎమ్‌లో 2 మిల్లీమీటర్ల పిచ్ కోస్తున్నారు, ఆగే టైము 3 సెకన్లు అనుకుందాం. స్టాప్ నొక్కాక స్పిండిల్ ఇంకా మూడు చుట్లు తిరుగుతుంది, అంటే టూల్ మరో 6 మిల్లీమీటర్లు వెళ్తుంది. మెట్టు దగ్గర ఆగాల్సిన త్రెడ్ అయితే టూల్ వెళ్లి మెట్టుకి గుద్దుకుంటుంది. బ్యాక్ గేర్ వేసి 40కి దించితే అదే 3 సెకన్లలో ఒక్క చుట్టే. ఇంచీ లీడ్ స్క్రూ మీద ఎమ్ఎమ్ త్రెడ్ కోసేటప్పుడు హాఫ్ నట్ (టూల్ క్యారేజీని లీడ్ స్క్రూకి కలిపే నట్టు) తీయకుండా రివర్స్‌లో వెనక్కి తేవాలి కదా, ఆ పనికి డ్రైవ్ ఎంతో సుఖం. మెల్లగా ఆగి, మెల్లగా వెనక్కి వస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. మోటరు ఫ్యాను షాఫ్టు మీదే ఉంటుంది, 15, 20 హెర్ట్జ్‌లో గంటలకొద్దీ లోడు మీద నడిపితే గాలి చాలక మోటరు కాలుతుంది. ఇనుప రజను, ముఖ్యంగా బీడు పొడి, డ్రైవ్ లోపలికి వెళ్తే షార్ట్ అవుతుంది, కాబట్టి దాన్ని మూత ఉన్న డబ్బాలో, హెడ్‌స్టాక్‌కి దూరంగా గోడకి పెట్టండి. డబ్బాలో వేడి పోయే చోటు ఉండాలి. మోటరు కీచుమంటే క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు ఆన్, ఆఫ్ అయ్యే వేగం) కొంచెం పెంచవచ్చు, అప్పుడు డ్రైవ్ వేడెక్కుతుంది. మెగ్గర్ (వైండింగు ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టే ముందు మోటరు వైర్లు డ్రైవ్ నుంచి తప్పకుండా విప్పండి, లేకపోతే ఆ మెగ్గర్ వోల్టేజే డ్రైవ్‌ని చంపేస్తుంది. లైను ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో 325 వోల్టులు ఉంటాయని చెప్పాను కదా, పది నిమిషాలు ఆగి, డీసీ టెర్మినల్స్ మీద మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

అడగండి.

(ప్రశ్న: ఇంత హడావుడి ఎందుకు సార్, సింగిల్ ఫేజ్ మోటరే పెట్టుకుంటే పోలా?)

పెట్టుకోవచ్చు, డబ్బు కూడా తక్కువ. కానీ సింగిల్ ఫేజ్ మోటరు టార్క్ సెకనుకి వందసార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ అదురు బెల్టు గుండా వచ్చి సన్నటి ఫినిషింగ్ మీద కనబడుతుంది. బుష్‌లు, పిన్నులు చేసుకునేవాళ్లకి పర్వాలేదు. బేరింగు ఫిట్టింగులు, హైడ్రాలిక్ రాడ్లు చేసేవాళ్లకి త్రీఫేజ్ మోటరు తేడా తెలుస్తుంది.

(ప్రశ్న: మా లేత్‌కి 5 హెచ్‌పీ మోటరుంది. సింగిల్ ఫేజ్ డ్రైవ్ పనిచేస్తుందా?)

నేమ్‌ప్లేటు చూడండి. 5 హెచ్‌పీ మోటర్లు మామూలుగా 415 డెల్టాలో వస్తాయి. అది ఇప్పటికే డెల్టా కాబట్టి మార్చడానికి ఇంక ఏమీ లేదు. 230 ఇస్తే 50 హెర్ట్జ్ దగ్గర బలం మూడో వంతుకి పడిపోతుంది. వోల్టేజ్ పెంచి 415 ఇచ్చే డ్రైవ్‌లు దొరుకుతాయి గానీ, లైను వైపు 30 ఆంపియర్లు దాటి లాగుతాయి, ఇంటి సర్వీసు వైరు దాన్ని మోయలేదు. మీ జాబ్‌లు ఏమిటో ముందు చెప్పండి. చిన్న పనులే అయితే ఆ మోటరు దించి పక్కన పెట్టి, 3 హెచ్‌పీ స్టార్ మోటరు ఒకటి ఆరు టెర్మినల్స్ ఉన్నది చూసి తెచ్చుకోండి. మోటరు పుల్లీ పాతదే సరిపోతుందో లేదో షాఫ్టు సైజు కొలిచి వెళ్లండి.